దారి చూపించే పని మనది కాదు

  

పోస్టు పెద్దదే. పరీక్షల టైంలో ఇంత పెద్దది ఎవరు చదువుతారని మాలో మేమే అనుకున్నాం. అయినా రాస్తున్నాం, ఎందుకంటే ఇది మన తండాల పిల్లల మెడకు చుట్టుకునే విషయం. ఓపిగ్గా చివరిదాకా చదవండి. తప్పుంటే తప్పని చెప్పండి.

పోయిన ఎండాకాలం సెలవులకు మేము హాస్టల్ నుంచి ఇంటికి పోయినాం. మాది బెళుగుప్ప మండలంలో ఒక తండా. పప్పుశెనగ ఎప్పుడో కోసేసినారు, చేలన్నీ ఖాళీ. ఒక సాయంత్రం కర్ణాటక నంబరు జీపు ఒకటి తండా మొదట్లో ఆగింది. లోపల నలుగురున్నారు. తెలుగు, కన్నడ కలిపి మాట్లాడుతున్నారు. మా చిన్నాయన కొడుకు అక్కడే టీ అంగడి దగ్గర కూర్చోనుండె. ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. వాళ్లు అతన్ని పక్కకు పిలిచి అడిగినారు.

"తమ్ముడూ, మీ కడ జింకలు బాగా ఉన్నాయంట గదా. రాత్రిపూట ఏ చేన్లో దిగుతాయి? ఆ చేను ఎవరిది? ఆ రైతును నువ్వు మాట్లాడి పెట్టు. బండి చేన్లోకి దిగేదానికి అడ్డం లేకుండా చూడు. రాత్రికి 5 వేలు ఇస్తాం. రైతుకు వేరే ఇస్తాం."

వాడు సరే అనలేదు, కాదనీ అనలేదు. "ఇంట్లో అడిగి చెప్తా సార్" అని ఫోన్ నంబరు తీసుకుని మా దగ్గరకు వచ్చినాడు. ఆ రాత్రి గుడి కట్ట మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. వాడు మమ్మల్ని అడిగిన మాట ఒక్కటే: "నేను తుపాకి పట్టుకునేది లేదు, కాల్చేది లేదు, కోసేది లేదు. 5 వేలంటే బెంగుళూరులో నాకు పది రోజుల కూలి. ఉత్త దారి చూపిస్తే తప్పేందన్నా?"

ఆ రాత్రి మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయినాం. "వద్దురా, కేసు అవుతుంది" అన్నాం, అంతే. ఆ తర్వాత హాస్టల్‌కి వచ్చి చట్టాలు చదివి, పెద్దలను అడిగి, మాలో మేము కొట్లాడుకుని ఒక అభిప్రాయానికి వచ్చినాం. ఆ జవాబే ఈ పోస్టు.

ముందు ఒక సంగతి. వాళ్లకు తుపాకి ఉంది, బండి ఉంది, లైట్లు ఉన్నాయి, డబ్బుంది. మరి మనవాడు ఎందుకు కావాల్సి వచ్చింది?

కృష్ణజింక అడవి జంతువు అని మనం పుస్తకంలో చదువుకుంటాం. నిజానికి అది దట్టమైన అడవిలో ఉండదు. దానికి కనుచూపు మేర బయలు కావాలి, పొట్టి గడ్డి కావాలి. దూరం నుంచే శత్రువును చూసి పరుగెత్తి ప్రాణం కాపాడుకునే జాతి అది. నల్లమలలో దానికి పని లేదు. బెళుగుప్ప, ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు వైపు నల్లరేగడి చేలు, బీడు భూములు, గుట్టల కింద బయలు, ఇవే దాని ఇల్లు. మన దగ్గర చెట్టు తక్కువ, వాన తక్కువ. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూనే తిరుగుతుంది. మనల్ని వలస పంపించిన ఈ కరువు బయలే జింకను బతికించింది.

అంటే ఈ జింకలకు కంచె లేదు, గేటు లేదు, టికెట్ లేదు. అవి తిరిగేది రైతు పట్టా చేన్లలో, మనకిచ్చిన డీకేటీ భూముల్లో, ఊరి బంజరులో. అభయారణ్యంలో వేటాడాలంటే ఫారెస్టు చెక్‌పోస్టు దాటాలి. ఇక్కడ వేటాడాలంటే రైతును దాటాలి. ఏ చేను ఎవరిది, ఎవరు రాత్రి కావలి పడుకుంటారు, ఎవరి కుక్కలు అరుస్తాయి, ఏ వంక దగ్గర బండి దిగబడుతుంది, గుంపు నీళ్లకు ఎప్పుడు వస్తుంది, ఇదంతా బళ్లారి నుంచో బెంగుళూరు నుంచో వచ్చినోనికి తెలియదు. గొర్రెలు మేపేవానికి తెలుసు, కూలికి పోయేవానికి తెలుసు, తండా పిల్లోనికి తెలుసు. వాళ్లు 5 వేలు పెట్టి కొనేది ఈ తెలివినే.

పైగా దారులు ఇప్పుడు సులువైనాయి. గుట్టల మీద గాలిమరలు పెట్టినప్పుడు వాటి దగ్గరికి మట్టిరోడ్లు వేసినారు. ఒకప్పుడు ఎద్దులబండి కూడా పోలేని చోటికి ఇప్పుడు రాత్రిపూట జీపు పోతుంది. హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు వచ్చినాక కొన్ని ఊర్లలో పచ్చని పైరు కనబడుతోంది. పచ్చదనం ఉన్న చోటికి జింక వస్తుంది, జింక వెనక జీపు వస్తుంది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. ఉత్త దారి చూపిస్తే తప్పేంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. కృష్ణజింక అందులో మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్న షెడ్యూల్ అదే. ఆ చట్టంలో "వేట" అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల వేయడం, ఎర పెట్టడం, చంపేదానికో పట్టేదానికో జంతువును తరమడం, వీటికి ప్రయత్నించడం, అన్నీ వేట కిందికే వస్తాయి. 52వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది: నేరానికి ప్రయత్నించినోడు, సాయపడినోడు కూడా ఆ నేరం చేసినట్టే లెక్క. శిక్ష 3 ఏళ్లకు తక్కువ కాకుండా 7 ఏళ్ల దాకా. జరిమానా 2022 సవరణ తర్వాత 25 వేలకు తక్కువ ఉండదు. తుపాకి పట్టినోనికీ టార్చిలైటు పట్టినోనికీ చట్టం పుస్తకంలో ఒకటే శిక్ష.

కానీ పుస్తకంలో ఒకటి, నేల మీద ఒకటి. జీపు పట్టుబడే లోపల జీపులో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటిపోతారు. వాళ్లకు లాయరు ఉంటాడు, తెలిసిన నాయకుడు ఉంటాడు. చేన్లో దొరికేది మనవాడు. వాని ఫోన్‌లో వాళ్ల నంబరు ఉంటుంది, వాళ్లు దాన్ని ఎప్పుడో మార్చేసి ఉంటారు. ఎస్సై పరీక్షకు, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుకు, డీఎస్సీకి చదివే పిల్లోని మీద వన్యప్రాణి కేసు పడితే పోలీస్ వెరిఫికేషన్ దగ్గరే పని ఆగిపోతుంది. 5 వేలకు వాడు అమ్మేది ఒక రాత్రి కూలిని మాత్రమే అనుకుంటాడు. తన ఉద్యోగాన్ని కూడా దాంట్లోనే కట్టి ఇచ్చేస్తున్నాడని వానికి తెలియదు.

ఇంకో సంగతి ఉంది. మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడని సంగతి. కేసు ఒక్కని మీద పడినా పేరు పడేది తండా మొత్తానికి.

ఇది మనకు కొత్త కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేసినారు. మన అనంతపురం అప్పుడు మద్రాసులోనే ఉంది. ఎరుకల అన్నలకు ఆ చరిత్ర బాగా తెలుసు. స్టువర్టుపురం, కావలి, సిద్ధాపురం సెటిల్‌మెంట్లు అట్లా వచ్చినవే. పుట్టుకతోనే నేరస్థుడని రాసిన ఆ చట్టం స్వతంత్రం వచ్చినాక 1952లో గానీ పోలేదు. చట్టం పోయింది, చూపు పోలేదు. ఊర్లో ఏది పోయినా ఇప్పటికీ ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో మనకు చెప్పాల్సిన పని లేదు. ఆ చూపుకు మన చేత్తో మనమే సాక్ష్యం ఇవ్వాల్నా?

అసలు ఈ దేశంలో కృష్ణజింకను ఎక్కువ చంపింది ఎవరు? రాజులు చీతాలను పెంచి, బండ్ల మీద తీసుకుపోయి, బయల్లో జింకల మీదికి వదిలేవాళ్లు. తర్వాత దొరలు, జమీందార్లు తుపాకులతో వేటాడినారు. అట్లా పెంచడానికని అడవిలో చీతాలను పట్టీ పట్టీ, కాల్చీ కాల్చీ చీతా అనే జాతినే లేకుండా చేసినారు. 1952లో చీతా మన దేశంలో అంతరించిందని ప్రకటించినారు. వాళ్ల వేటకు "షికారు" అని పేరు, గోడ మీద కొమ్ములు, పక్కన ఫోటో. నక్కలోళ్లు కౌజు పిట్టకు వల వేస్తే, బోయ తాత కుక్కలతో కుందేలు పడితే అది దొంగవేట. అప్పట్లో కూడా దొర ముందు నడిచి గుంపు ఎక్కడుందో చూపించింది మన తాతలే. కొమ్ములు దొర ఇంటికి పోయినాయి, మన తాతకు దక్కింది ఏదో ఒక తొడ మాంసం. జీపు మారింది, మన చోటు మారలేదు.

కొంతమంది అన్నలు ఇక్కడ మాతో కొట్లాడతారని తెలుసు. "వేట మన సంప్రదాయం. ఎవరో చేసిన చట్టానికి మనమెందుకు తల వంచాల? అడవి బిడ్డలకు వేట హక్కు ఉండాల్సిందే" అంటారు. ఈ మాటలో బాధ ఉంది, దాన్ని తీసిపారేయలేం. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తామని చెప్పి, అదే వాక్యంలో వేటను మినహాయించింది. చర్చ పెట్టాలంటే దాని మీద పెట్టొచ్చు.

ఇట్లాంటి చర్చను అమెరికాలో ఒక గిరిజనుడు సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయినాడు. మోంటానా రాష్ట్రంలో క్రో తెగ రిజర్వేషన్ ఉంది. 2014 జనవరిలో ఆ తెగకు చెందిన క్లేవిన్ హెరేరా, ఇంకొందరు ఎల్క్ అనే పెద్ద దుప్పుల గుంపు వెంట పోయి కంచె దాటి పక్క రాష్ట్రం వయోమింగ్‌లోని బిగ్‌హార్న్ అడవిలోకి అడుగుపెట్టినారు. అక్కడ వేటాడి, మాంసం ఇంటికి తెచ్చుకున్నారు. పరాయి రాష్ట్రంలో సీజన్ కాని కాలంలో వేటాడినాడని వయోమింగ్ కేసు పెట్టింది. హెరేరా 1868 నాటి ఒప్పందాన్ని చూపించినాడు. తన తాతలు భూమి వదులుకున్నప్పుడు, ఎవరూ ఉండని ప్రభుత్వ భూముల్లో వేటాడే హక్కు తమకు ఉంటుందని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. వయోమింగ్ రాష్ట్రం ఏర్పడినంత మాత్రాన ఆ హక్కు చచ్చిపోలేదని 2019 మే నెలలో సుప్రీంకోర్టు 5-4తో తీర్పు ఇచ్చింది.

ఈ కేసు చదివినప్పుడు మాకు ఒళ్లు పులకరించింది. తర్వాత కొంచెం నిదానంగా ఆలోచించినాం. హెరేరా తన తెగ హక్కు కోసం, తన ఇంటి తిండి కోసం పోయినాడు. దొరికినప్పుడు తన పేరుతో నిలబడి, తాతల కాగితం చూపించి కొట్లాడినాడు. మన తమ్ముణ్ణి అడిగింది అట్లాంటి వేటకు కాదు. ఎవరో డబ్బున్నోని సరదాకు, వాని ఫ్రిజ్‌లో మాంసానికి, వాని ఇంట్లో కొమ్ములకు మనవాడు చీకట్లో లైటు పట్టాల. దాంట్లో మన సంప్రదాయం ఎక్కడుంది? హక్కు కోసం కొట్లాడేవాడు పగలు పోతాడు. ఇది రాత్రి పని.

డబ్బిచ్చి వేటాడే పద్ధతి చట్టప్రకారమే నడిచే దేశాలు ఉన్నాయి, అది కూడా దాచాల్సిన పని లేదు. మన కృష్ణజింకనే 1932లో అమెరికాలోని టెక్సాస్‌కు తీసుకుపోయి వదిలినారు. ఇప్పుడు అక్కడి ప్రైవేటు ర్యాంచీల్లో అవి వేల సంఖ్యలో ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో వేటగాళ్లు వచ్చి, భూమి యజమానికి వేల డాలర్లు కట్టి కొమ్ములు తీసుకుపోతారు. భూమిలోకి అడుగుపెట్టాలన్నా యజమాని అనుమతి కావాల. ఇక్కడ కూడా అట్లా పెట్టొచ్చు గదా, రైతుకు డబ్బు వస్తుంది, తండాకు పని వస్తుంది అని మాలోనే ఒకాయన వాదించినాడు. మేము అడిగింది ఇదే: టెక్సాస్‌లో డబ్బు పోయేది వందల ఎకరాల ఆసామికి. మన దగ్గర మూడు ఎకరాల డీకేటీ పట్టా ఉన్నోనికి ఏం వస్తుంది? ఎసైన్డ్ భూమి అమ్మకూడదని 1977లోనే చట్టం చేసినా ఎన్ని తండాల భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో మనకు తెలుసు. వేట లాభం వస్తుందంటే ఆ మూడు ఎకరాలు కూడా మన చేతిలో ఉండవు. మనది ఏజెన్సీ కాదు. 1/70 లేదు, పీసా లేదు. మైదానం గిరిజనుల భూమికి ఆపాటి అడ్డుగోడ కూడా లేదు.

రాష్ట్రం దాటి పోయే వేట మన దేశంలో చట్టప్రకారం జరిగిన సందర్భం కూడా ఒకటి ఉంది, దానికీ తెలుగు నేలకూ సంబంధం ఉంది. బీహార్‌లో నీల్‌గాయిలు పంటలు పాడుచేస్తున్నాయని కేంద్రం వాటిని కొంతకాలానికి హానికర జంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా దగ్గర వాటిని కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లను పిలిపించినారు. కొద్ది రోజుల్లోనే 200కు పైగా నీల్‌గాయిలను చంపినారు. కేంద్ర మంత్రుల మధ్యనే పెద్ద గొడవ అయింది. నీల్‌గాయి కూడా కృష్ణజింక మాదిరే యాంటిలోప్ జాతి, దాని కొమ్ములు రాలవు. కానీ అప్పట్లో అది మూడో షెడ్యూల్‌లో ఉంది. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని హానికర జంతువుగా ప్రకటించే వీలు చట్టంలో లేదు. పైరు తింటుందని దాన్ని చంపేదానికి అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు కూడా లేదు. మనిషి ప్రాణానికి ముప్పు అయినప్పుడో, కోలుకోలేనంతగా జబ్బు చేసినప్పుడో, దెబ్బ తిన్నప్పుడో మాత్రమే ఇవ్వొచ్చు. కాబట్టి "మాకు పర్మిషన్ ఉంది" అని ఎవరైనా జీపులో వచ్చి చెబితే అది అబద్ధం. ఈ ఒక్క ముక్క మాత్రం తండాలో అందరికీ చెప్పండి.

ఇక రైతు మాట. ఇది చెప్పకుండా జింకను కాపాడండి అంటే మన నాయనే మనల్ని ఇంట్లోకి రానివ్వడు.

జింకల గుంపు ఒక రాత్రి చేన్లో దిగితే తెల్లారేసరికి పప్పుశెనగ మొలక నామరూపాలు లేకుండా పోతుంది. శెనక్కాయ, కంది, జొన్న, దేన్నీ వదలవు. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. విత్తనం అప్పు తెచ్చి వేసిందే. మళ్లీ విత్తుదామంటే పదును ఉండదు. మా యాడి పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టింది. మా నాయన డబ్బాలు కొట్టుకుంటా చలిలో రాత్రులు పడుకున్నాడు. నష్టపరిహారం కోసం పోతే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు వైపు చూపిస్తుంది. ఫోటోలంటారు, పాసుపుస్తకం అంటారు. కౌలు రైతు అయితే వాని పేరే ఎక్కడా ఉండదు. అట్లా విసిగిపోయిన రైతు దగ్గరికి జీపోడు వచ్చి "మీ చేను జింకలను మేం చూసుకుంటాం, పైగా డబ్బిస్తాం" అంటే రైతు గేటు తీయడా? తీస్తాడు. జింక మీద ద్వేషంతో కాదు, ప్రభుత్వం మీద కోపంతో తీస్తాడు.

రోళ్లపాడు సంగతి చదివితే ఇది అర్థమవుతుంది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టినారు. కాపలా పెరిగేసరికి కృష్ణజింకలు పెరిగినాయి, చుట్టూ ఉన్న చేన్ల మీద పడినాయి. రైతులకు ఆ అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. ఇప్పుడు ఆ బట్టమేక పక్షే అక్కడ కరువైంది. చుట్టూ ఉన్న మనుషులను వదిలేసి జంతువును కాపాడతామంటే రెండూ దక్కవు.

కాబట్టి మేము అడిగేది ప్రభుత్వాన్ని కూడా. 2018లో కృష్ణజింకను ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువుగా నిలుపుకున్నారు. సంతోషం. మరి రాష్ట్ర జంతువుకు రోజూ తిండి పెట్టేది ఎవరు? బెళుగుప్ప రైతు. ఆ మేత ఖర్చు రాష్ట్రమే ఇయ్యాల. పంట నష్టం చూసేదానికి పది రోజుల లోపల మనిషి రావాల. కౌలు రైతుకూ, డీకేటీ పట్టా ఉన్నోనికీ పరిహారం అందాల. నల్లమలలో చెంచు అన్నలు బేస్ క్యాంపుల్లో, వాచర్లుగా పనిచేస్తున్నారు. వాళ్ల అడుగు జాడల తెలివి లేకుండా పులిని కాపాడలేమని ఫారెస్టు శాఖే ఒప్పుకుంది. అదే పని ఇక్కడ ఎందుకు చేయకూడదు? జీపోడు 5 వేలు పెట్టి కొనాలని చూసిన తెలివికి ప్రభుత్వం నెల జీతం ఇయ్యొచ్చు గదా. మండలానికి పదిమంది తండా పిల్లలను జింకల కావలికి పెట్టుకుంటే రైతు చేను మిగులుతుంది, జింక మిగులుతుంది, పిల్లోడు వలస పోడు. మధ్యప్రదేశ్‌లో హెలికాప్టర్ తోడు పెట్టి, పొలాల్లోని కృష్ణజింకలను ప్రాణంతో పట్టి వందల సంఖ్యలో అభయారణ్యాలకు తరలించినారు. అంత ఖర్చు పెట్టగలిగిన దేశం పదిమంది కావలిగాళ్లకు జీతం ఇవ్వలేదా?

చివరగా ఒక ఊరి సంగతి. 1998 అక్టోబరులో రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దగ్గర కాంకాణీ అనే ఊర్లో రాత్రిపూట రెండు కృష్ణజింకలను చంపిన కేసు మీ అందరికీ తెలుసు, అందులో సినిమా హీరో సల్మాన్ ఖాన్ ఉన్నాడు కాబట్టి. ఆ కేసు కోర్టు దాకా ఎట్లా పోయిందో చాలామందికి తెలియదు. తుపాకి శబ్దం విని బిష్ణోయి ఊరోళ్లు లేచి జీపు వెంట పడినారు. వాళ్లే సాక్షులు. హీరో ఎంత పెద్దోడైనా వాళ్లు చెప్పిన మాట మీద నిలబడినారు. ఏళ్లకేళ్లు కోర్టుకు తిరిగినారు. 2018 ఏప్రిల్ 5న కింది కోర్టు సల్మాన్‌కు 5 ఏళ్ల శిక్ష వేసింది. బెయిలు వచ్చింది, అప్పీలు నడిచింది, అది వేరే కథ. వాళ్ల భూములు కూడా మన భూముల మాదిరి ఎండిన భూములే. వాళ్ల చేన్లో కూడా జింక మేస్తుంది. బిష్ణోయిలకు అది మత విశ్వాసం. మనకు ఆ విశ్వాసం ఉండాల్సిన పని లేదు. బయటినుంచి వచ్చిన జీపు మన చేన్లో తిరగాలంటే మనం ఒప్పుకుంటేనే కుదురుతుందని తెలిస్తే చాలు.

సేవాలాల్ మహారాజ్ పుట్టింది మన జిల్లాలోనే, గుత్తి దగ్గర సేవాగడ్‌లో. మన పెద్దోళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణీలతో దేశమంతా తిరిగినారు. దారులు వాళ్లకు తెలిసినంతగా రాజులకు కూడా తెలియవు. సైన్యాలకు తిండి మోసింది ఆ దారుల్లోనే. దారి తెలియడం మన జాతికి అన్నం పెట్టిన విద్య. దాన్ని ఎవరికి, దేనికి అమ్మాలో మనమే తేల్చుకోవాల.

గ్రూపులో ఉన్న వాళ్లందరికీ మా విన్నపం ఇది. ఈ పండగకు ఇంటికి పోయినప్పుడు మీ తండా నాయక్, కార్‌భారితో కూర్చుని ఈ మాట మాట్లాడండి. వేటకు వచ్చిన బండికి ఎవరూ దారి చూపకూడదని తండా కట్టుబాటు పెట్టించండి. తెలియని బండి రాత్రిపూట చేన్లో తిరిగితే నంబరు రాసుకుని 112కు గానీ ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు గానీ ఫోన్ చేయండి. బండి ముందుకు మీరే ఒంటరిగా పోవద్దు, వాళ్ల చేతిలో తుపాకి ఉంటుంది. చేను నష్టపోయిన రైతు ఏ కులమైనా సరే పరిహారం అర్జీ మీరే రాసిపెట్టండి. ఫోటోలు తీసి, సర్వే నంబరు వేసి, నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి. చదువుకున్న పిల్లలు ఊర్లో ఉంటే ఏం పని అవుతుందో రైతు చూడాల. అప్పుడు ఆయన జీపోనికి గేటు తీసే ముందు ఒకసారి ఆగుతాడు. ఇప్పటికే ఎవరైనా తమ్ముడు ఇట్లాంటి కేసులో ఇరుక్కుని ఉంటే దాచుకోవద్దు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గిరిజనులకు ఉచితంగా లాయరును పెడతారు. వానితో పాటు మేమూ వస్తాం.

మా చిన్నాయన కొడుకు ఆ జీపోళ్లకు మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ చేసి "మా తండాలో కుదరదు సార్" అని చెప్పినాడు. వాళ్లు ఏమీ అనలేదు, ఫోన్ పెట్టేసినారు. పక్క ఊర్లో ఎవరినైనా అడిగినారేమో తెలియదు, అడిగే ఉంటారు. వాడు పది రోజుల తర్వాత బెంగుళూరు పోయినాడు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ కట్టే చోట ఇసుక మోస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందన్నా అని అడిగినాడు. పుస్తకాలు పంపిస్తామని చెప్పినాం. ఎవరి దగ్గరైనా పాత మెటీరియల్ ఉంటే చెప్పండి, మేమే వచ్చి తీసుకుంటాం.

జోహార్.